వీణ వాయించే అమ్మాయికి ఇన్‌స్టా చాలదా, వెబ్‌సైట్ కూడా కావాలా?

ప్రశ్న: మా అమ్మాయి రాజమహేంద్రవరంలో బీకాం రెండో సంవత్సరం చదువుతోంది. ఎనిమిదో ఏట నుంచి వీణ నేర్చుకుంటోంది. డిగ్రీ అయ్యాక కచేరీలు, వీణ పాఠాలే వృత్తి అంటోంది. ఇన్‌స్టాగ్రామ్‌లో 14 వేల మంది ఫాలోయర్లు ఉన్నారు. తెలిసిన కుర్రాడు ఒకరు 35 వేలకు వెబ్‌సైట్ చేసిపెడతానంటున్నాడు. ‘ఈ రోజుల్లో వెబ్‌సైట్లు ఎవరు చూస్తారు నాన్నా’ అంటోంది అమ్మాయి. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి

జవాబు: ఆ 35 వేలు ఇప్పుడు ఇవ్వకండి. అలాగని వెబ్‌సైట్ అక్కర్లేదనీ అనుకోకండి. ఏడాదికి వెయ్యీ, పదిహేను వందల రూపాయల్లో అయిపోయే పని ఒకటుంది, దాని గురించి కింద రాస్తున్నాను.

‘ఎవరు చూస్తారు’ అని మీ అమ్మాయి అడిగింది సరైన ప్రశ్నే. వెబ్‌సైట్‌ను వేలమంది చూడరు. నెలకు ఇరవై ముప్పై మంది చూస్తే గొప్ప. కానీ ఆ ఇరవై మందిలో ఒక సంగీత సభ కార్యదర్శి ఉండొచ్చు, దేవస్థానం వారి ఉత్సవాల కమిటీ సభ్యుడు ఉండొచ్చు, డాలస్‌లో కూతురికి వీణ నేర్పించే గురువు కోసం వెతుకుతున్న తల్లి ఉండొచ్చు. రీల్ చూసేవాళ్లు వేరు, డబ్బిచ్చి పిలిచేవాళ్లు వేరు. మొదటివాళ్లు వేలు కదుపుతూ నలభై సెకన్లు వింటారు. రెండోవాళ్లు పేరు గుర్తుపెట్టుకుని గూగుల్‌లో వెతుకుతారు.

వెతికినప్పుడు వాళ్లకు ఏం కావాలో చూడండి. ఆహ్వానపత్రంలో వేయడానికి నాలుగు వాక్యాల పరిచయం, గురువు పేరు, ఫ్లెక్సీకి పనికొచ్చే ఫొటో, కనీసం ఒక కృతి మొదటి నుంచి చివరి దాకా, మాట్లాడడానికి ఒక నంబరు. ఇన్‌స్టాలో వీటిలో ఏదీ సరిగా దొరకదు. అక్కడ ఫొటో వెడల్పు దాదాపు 1080 పిక్సెళ్లకు కుంచించుకుపోతుంది. అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి కాబట్టి లెక్కవేస్తే మూడున్నర అంగుళాల బొమ్మే వస్తుంది. దాన్ని బ్రోషర్‌లో పెద్దది చేస్తే మొహం మసకేస్తుంది. ఇక తాళం లేకుండా రాగాన్ని విస్తరించే ఆలాపనా తానమూ కలిపి అరగంట నిలబెట్టగలదా అన్నది నలభై సెకన్ల రీల్ చెప్పలేదు. కచేరీ అవకాశం ఇచ్చేవారు మొట్టమొదట తేల్చుకోవాలనుకునేది అదే.

ఇంకో మాట. 14 వేలు అనే అంకెను ఒకసారి విప్పి చూడండి. ఖాతాను ప్రొఫెషనల్‌గా మార్చుకుంటే ఇన్‌సైట్స్‌లో ఫాలోయర్లు ఎక్కువగా ఏ ఊళ్ల వాళ్లో కనిపిస్తుంది. అందులో రాజమహేంద్రవరం, కాకినాడ, విజయవాడ, విశాఖ కలిపి ఎంతమంది? రెండొందల మందే అయితే ఆ సంఖ్యను చూసి ఊళ్లో హాలు అద్దెకు తీసుకోకూడదు. బెంగళూరు, అమెరికా ఊళ్లు పైన ఉంటే మాత్రం ఆన్‌లైన్ పాఠాలకు మంచి దారి ఉన్నట్టే.

ఇన్‌స్టా మానేయమని మాత్రం అనడం లేదు. కొత్త చెవిని తెచ్చిపెట్టేది అదే. అయితే వీణకు అక్కడ ఒక ఇబ్బంది ఉంది. ఫోన్ మైకు శబ్ద తీవ్రతను తనంతట తానే సరిచేసుకుంటూ ఉంటుంది. గట్టిగా మీటిన క్షణంలో తగ్గించేసి, గమకం తోక సన్నబడేసరికి మళ్లీ పెంచుతుంది. దాంతో స్వరం ఊగుతున్నట్టు, వెనక ఫ్యాను హోరు పైకొచ్చినట్టు వినిపిస్తుంది. మంద్ర తీగలు ఫోన్ స్పీకర్లో ఎటూ సగమే వినబడతాయి. అందుకే ఒక చిన్న రికార్డరు గానీ, విడి మైకు గానీ వీణ కుండకు అర మీటరు దూరంలో పెట్టి, రికార్డింగు మీటరులో లెవెల్ మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెళ్ల మధ్య ఉండేలా చూసి, ఆ ధ్వనిని తర్వాత వీడియోకు అతికించమనండి. రీల్‌ను శ్రుతి సరిచూసుకుంటూ మొదలుపెట్టకూడదు. మొదటి సెకనులోనే రాగపు మలుపు, అంటే సంగతి, వినబడాలి. రాగం, కృతి, వాగ్గేయకారుడి పేరు తెరమీద తెలుగులో వేయాలి. అసలు ఫైలు, అంటే కుదించని 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలు, ఇంట్లో హార్డ్‌డిస్కులో దాచాలి. గంట స్టీరియో రికార్డింగు ఒక జీబీ మాత్రమే, చోటుకు పిసినారితనం అక్కర్లేదు. అప్‌లోడ్ చేశాం కదా అని ఫోన్‌లో తుడిచేసేవాళ్లే ఎక్కువ, ఆ అలవాటు ప్రమాదం.

ఎందుకు ప్రమాదమో మైస్పేస్ చూపించింది. 2003లో మొదలైన ఆ సైట్ ఒకప్పుడు సంగీతకారులందరి చిరునామా. 2015కు ముందు అక్కడ పెట్టిన పాటలన్నీ సర్వర్లు మార్చేటప్పుడు పోయాయని 2019లో ఆ సంస్థే ఒప్పుకుంది. పన్నెండేళ్ల సంగీతం అది. ఇంకో కాపీ దాచుకోనివాళ్లకు దాదాపు ఏమీ మిగల్లేదు. మన దగ్గర 2020 జూన్ 29న టిక్‌టాక్ నిషేధం వచ్చింది. లక్షల ఫాలోయర్లున్న గాయకులకు ఆ రోజుతో శ్రోతలను పిలిచే దారే మూసుకుపోయింది. అప్పటికే యూట్యూబ్‌లో కూడా పెడుతున్నవాళ్లు నిలదొక్కుకున్నారు. మూతపడడం దాకా అక్కర్లేదు, ఖాతా హ్యాక్ అయినా అంతే. ‘మీరు కాపీరైట్ ఉల్లంఘించారు, ఈ లింకు నొక్కి అప్పీలు చేయండి’ అని ఇన్‌బాక్సుకు వచ్చే సందేశాలు దాదాపు అన్నీ వలలే. రెండంచెల ధ్రువీకరణ ఈరోజే పెట్టించండి. ఖాతా సమాచారం మొత్తం డౌన్‌లోడ్ చేసుకునే సదుపాయం ఇన్‌స్టా సెట్టింగుల్లోనే ఉంది, మూడు నెలలకోసారి వాడుకోమనండి.

కాపీరైట్ అంటే గుర్తొచ్చింది, కర్ణాటక సంగీతం వాయించేవాళ్లకు యూట్యూబ్‌లో తరచుగా తగిలే రాయి ఇది. త్యాగరాజస్వామి కృతి వాయించి పెడితే ఏదో ఆడియో కంపెనీ పేరుతో ‘కంటెంట్ ఐడీ’ క్లెయిమ్, అంటే ఈ ధ్వని మాదేనన్న దావా, వస్తుంది. అదే కృతి, అదే శ్రుతి, అదే నడక ఉన్న పాత రికార్డింగుతో యంత్రం పోల్చేసుకుంటుంది. ఒక్కోసారి వెనక మోగే తంబూర ట్రాకే కారణం అవుతుంది. భయపడి వీడియో తీసేయకూడదు. క్లెయిమ్ వేరు, ఛానల్‌కే ముప్పు తెచ్చే స్ట్రైక్ వేరు. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు, ఆ కృతులపై ఎవరికీ కాపీరైట్ లేదు, వాయించింది తనే అని రాసి డిస్ప్యూట్, అంటే అభ్యంతరం, వేయాలి. బదులివ్వడానికి అవతలివాళ్లకు 30 రోజుల గడువు ఉంటుంది. ఛానల్‌కు ప్రకటనల ఆదాయం వస్తుంటే అయిదు రోజుల్లోపు డిస్ప్యూట్ వేయడం మేలు, మొదటి రోజు నుంచి వచ్చిన డబ్బు పక్కన పెట్టి ఉంచుతారు.

అన్నమాచార్య కీర్తనల దగ్గర మాత్రం జాగ్రత్త. సాహిత్యం అయిదారు వందల ఏళ్ల నాటిదే అయినా, మనం వింటున్న వరుసల్లో చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. మన చట్టం ప్రకారం స్వరకర్త జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు హక్కు ఉంటుంది. వాటిలో ఎన్నిటికో బాణీలు కట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు 1979లో, నేదునూరి కృష్ణమూర్తిగారు 2014లో కాలం చేశారు. వారి బాణీలకు ఇంకా ఆ గడువు తీరలేదు. అందుకని స్వరకర్త పేరు తప్పకుండా వేయాలి, ఆల్బమ్‌గా అమ్మాలంటే అనుమతి తీసుకోవాలి.

సినిమా పాటను వీణ మీద వాయిస్తే? యూట్యూబ్, ఇన్‌స్టాలకు కంపెనీలతో ఒప్పందాలున్నాయి కాబట్టి అక్కడ చాలావరకు నడిచిపోతుంది, డబ్బు కంపెనీకి పోతుంది. అదే ఆడియో ఫైలును సొంత వెబ్‌సైట్లో పెడితే ఆ ఒప్పందాలు కాపాడవు. కాబట్టి సొంత సైట్లో ఏదీ నేరుగా ఎక్కించకుండా యూట్యూబ్ వీడియోనే అక్కడ కనిపించేలా పొదగాలి. సైట్ తేలిగ్గా తెరుచుకుంటుంది కూడా.

ఇక వెయ్యీ పదిహేను వందల పని. మొదట డొమైన్, అంటే సైట్ పేరు, కొనాలి. డాట్ ఇన్ అయినా డాట్ కామ్ అయినా ఫరవాలేదు. మొదటి ఏడాది తక్కువకిచ్చి రెండో ఏడాది పెంచుతారు, కొనేముందే రెన్యువల్ ధర చూడండి. ఖాతా మీ అమ్మాయి పేరు మీద, తన ఈమెయిలుతో, తన ఫోన్ నంబరుతో ఉండాలి. ఈ ఒక్క మాట దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. సైట్ చేసిచ్చినవాళ్లు తమ ఖాతాలో కొనేస్తారు, రెండేళ్లకు ఉద్యోగం వచ్చి వెళ్లిపోతారు, ఫోన్ ఎత్తరు. గడువు దాటితే డాట్ కామ్‌కు సుమారు నెల రోజులు మామూలు ధరకు, ఆ తర్వాత ఇంకో నెల భారీ రుసుముతో వెనక్కి తెచ్చుకునే వీలుంటుంది. అదీ దాటితే ఎవరైనా కొనుక్కోవచ్చు. పేరున్న పాత డొమైన్లను జూద సైట్ల వాళ్లు కాచుక్కూర్చుని కొంటారు. ఆటో రెన్యువల్ పెట్టినా కార్డు గడువు తీరి డబ్బు కట్ కాకపోవచ్చు, కాబట్టి క్యాలెండరులో తేదీ రాసుకోండి.

పేజీకి గూగుల్ వారి బ్లాగర్ ఉచితం, ప్రస్తుతానికి అది చాలు. సెట్టింగుల్లో కస్టమ్ డొమైన్ ఇస్తే అది సైట్ పేరును పేజీకి కలిపే రెండు సీనేమ్ రికార్డులు చూపిస్తుంది. వాటిని డొమైన్ కొన్నచోట డీఎన్ఎస్ (పేరు కొడితే ఎక్కడికి వెళ్లాలో చెప్పే) పేజీలో నింపాలి. దాంతోపాటు గూగుల్ సహాయ పేజీలో ఉన్న నాలుగు ‘ఏ’ రికార్డులు కూడా వేయాలి. అవి వదిలేస్తే ముందు మూడు డబ్ల్యూలు టైపు చేయనివాళ్లకు సైట్ తెరుచుకోదు, ‘మీ సైట్ పనిచేయడం లేదండీ’ అన్న మాట అందుకే వస్తుంది. మార్పు అమలుకావడానికి కొన్ని నిమిషాల నుంచి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. తర్వాత సమాచారాన్ని గుప్తంగా పంపే హెచ్‌టీటీపీఎస్ ఆన్ చేయాలి, లేకపోతే బ్రౌజరు ‘సురక్షితం కాదు’ అని బెదరగొడుతుంది.

ఒకే పేజీ చాలు. పైన వీణతో ఒక ఫొటో, 200 కేబీ మించకుండా. దాని కిందే అచ్చుకు పనికొచ్చే పెద్ద ఫొటో డౌన్‌లోడ్ లింకు, ఫొటోగ్రాఫర్ పేరుతో సహా. పరిచయం మూడు కొలతల్లో ఉండాలి: యాభై మాటల్లో, నూట యాభైలో, నాలుగొందల్లో, తెలుగులోనూ ఇంగ్లిషులోనూ. నిర్వాహకులు దాన్ని యథాతథంగా కాపీ చేసి వ్యాఖ్యాత చేతిలో పెడతారు. మీరు ఇవ్వకపోతే వాళ్లే రాస్తారు, గురువుగారి పేరు తప్పుపోతుంది. మూడే వీడియోలు పెట్టండి: ఒక వర్ణం, రాగం తానంతో ఒక పెద్ద కృతి, ఒక తేలికపాటి అంశం. ఆకాశవాణి ఆడిషన్‌లో గ్రేడు వస్తే అది మొదటి వరుసలోకి రావాలి. వేదిక అవసరాలు నాలుగు ముక్కల్లో రాయాలి: వేదిక ఎత్తు, వీణకు మైకా, వాయిద్యానికే తగిలించే పికప్పా, మృదంగం ఘటం కళాకారులు తమతో వస్తారా, సౌండ్ చెక్‌కు ఎంతసేపు కావాలి. చివర ఫోన్, ఈమెయిలు. ఆడపిల్ల నంబరు బయట పెట్టడం ఇష్టం లేకపోతే మీ నంబరో, విడిగా ఒక వాట్సాప్ బిజినెస్ నంబరో ఇవ్వండి. ఫారం పెడితే నెలకోసారి మీరే ఒక సందేశం పంపి చూసుకోండి, స్పామ్‌లోకి పోయిన ఆహ్వానాలకు ఎవరూ రెండోసారి రాయరు.

‘రాబోయే కచేరీలు’ అనే విభాగం మాత్రం ఇప్పుడే పెట్టకండి. ఏడాదికి నాలుగు కచేరీలున్నప్పుడు అది ఖాళీగానో, రెండేళ్ల నాటి తేదీతోనో కనిపిస్తుంది. మానేశారేమో అనుకుంటారు చూసినవాళ్లు. జరిగిన కచేరీల జాబితా, సంవత్సరం, ఊరు, సభ పేరు చాలు.

ఆ కుర్రాడి 35 వేల సైట్‌లో ఏముంటుందో అడగండి. సాధారణంగా వర్డ్‌ప్రెస్ అనే సైట్ తయారీ సాఫ్ట్‌వేర్, కొన్న థీము (రెడీమేడ్ రూపు), అయిదారు పేజీలు, కదిలే బొమ్మలు, ఒక ఏడాది హోస్టింగ్ (సైట్ ఉండే చోటుకు అద్దె) ఉంటాయి. వర్డ్‌ప్రెస్ మంచిదే, కానీ ప్లగిన్లు, అంటే దానికి తగిలించే అదనపు పనిముట్లు, ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయాలి. చేయకపోతే దొంగలు దూరి, మీ అమ్మాయి పేరు వెతికినవాళ్లకు జూదం పేజీలు చూపిస్తారు. ముప్పై నలభై మంది ఆన్‌లైన్ విద్యార్థులు, స్లాట్ల బుకింగు, ఫీజు చెల్లింపులు ఉన్ననాడు ఆ ఖర్చుకు అర్థం ఉంటుంది. అప్పుడు కూడా అప్‌డేట్లు ఎవరు చేస్తారో, ఏడాదికి ఎంతో కాగితం మీద రాయించుకోండి.

ఒక ప్లాట్‌ఫాం పోయినా వెంట వచ్చేది జాబితా ఒక్కటే. ప్రతి కచేరీలో ఒక నోటుపుస్తకం గానీ క్యూఆర్ కోడు గానీ పెట్టి, ఇష్టమైనవాళ్ల పేరు, ఈమెయిలు, ఊరు తీసుకోండి. అడక్కుండా వాట్సాప్ గ్రూపులో కలిపేయడం వద్దు, వాళ్లకు చిరాకు, 2023 నాటి డేటా రక్షణ చట్టం స్ఫూర్తికీ విరుద్ధం. రెండు నెలలకోసారి నాలుగు వాక్యాల ఉత్తరం, ఒక వీడియో లింకు పంపితే సరి.

వీటన్నిటికీ వారానికి మూడు గంటలు దాటనివ్వకండి. రెండు రీళ్లు ఒకేసారి కూర్చుని తీసేయొచ్చు. పేజీకి నెలకు అరగంట చాలు. రోజూ రీల్ పెట్టాలన్న ఒత్తిడిలో సాధకం వేళ తగ్గుతుంటే తగ్గించాల్సింది రీళ్లనే.

డొమైన్ కొనేముందు ఒక్కటి తేల్చుకోండి, ఇంగ్లిషులో పేరు ఎలా రాస్తారో. మన పేర్లకు ఆ అక్షరాల్లో నాలుగు రూపాలుంటాయి. ఇన్‌స్టాలో ఒకలా, యూట్యూబ్‌లో హెచ్ చేర్చి, కరపత్రంలో ఇంటిపేరు ముందుపెట్టి రాస్తే గూగుల్‌కు నలుగురు అమ్మాయిలు కనిపిస్తారు. పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే పెట్టుకోవడం మంచిది, రేపు విదేశీ కచేరీకి వీసా కాగితాలతో పాటు పెట్టే కరపత్రాల్లోనూ అదే పేరుండాలి. పాస్‌పోర్టు ఇంకా తీయకపోతే ముందు దానికి దరఖాస్తు చేయించండి.