మద్రాసులో మెడికల్ పీజీ సీటు వచ్చింది, సీనియర్లను ఎలా పట్టుకోవాలి?

కౌన్సెలింగ్ రౌండ్లు ముగిసే వేళకు ఏటా నా ఫోన్‌కు ఒకే రకం మెసేజ్‌లు మొదలవుతాయి. "సార్, స్టాన్లీలో సీటు వచ్చింది. అక్కడ మనవాళ్లెవరైనా ఉన్నారా?" ఉన్నారు. ప్రభుత్వ కాలేజీల్లో ఎంబీబీఎస్ సీట్లు 15 శాతం, పీజీ సీట్లు 50 శాతం ఆలిండియా కోటాకు పోతాయి కాబట్టి తెలుగు పిల్లలు ఇక్కడికి వస్తూనే ఉంటారు. చెన్నై కూడా పరదేశమేనా అని నవ్వేవాళ్లుంటారు. పినాకిని ఎక్స్‌ప్రెస్ దిగి రోడ్డు దాటితే జీహెచ్ (ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి), నిజమే. కానీ మొదటి నైట్ డ్యూటీలో, తమిళం తప్ప మరో మాట రాని ముసలమ్మ పక్కన కేస్ షీట్ పట్టుకుని నిలబడ్డప్పుడు ఆ నవ్వు రాదు.

మీకు ఇక్కడ రెండు వరుసల సీనియర్లు ఉంటారు. మొదటివాళ్లు మీరు ఎంబీబీఎస్ చేసిన కాలేజీ వాళ్లు. నాది గుంటూరు. మాకు గానీ, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీకి గానీ, కాకినాడ రంగరాయకు గానీ, కర్నూలుకు గానీ చెన్నైలో స్థిరపడ్డ పాత విద్యార్థులు దొరుకుతారు. వీళ్లు పెరియమేడులోనో పురసవాక్కంలోనో గది వెతికి పెడతారు, ఆదివారం భోజనానికి పిలుస్తారు, పప్పు, గోంగూర పెట్టి పంపిస్తారు. రెండోవాళ్లు మీరు చేరిన కాలేజీలో మీ డిపార్ట్‌మెంట్‌లోనే చదివి బయటపడ్డవాళ్లు. వాళ్లు తమిళులు కావచ్చు, మలయాళీలు కావచ్చు. మీ యూనిట్ చీఫ్ రౌండ్స్‌లో ఏం అడుగుతారో, లాగ్ బుక్ (చూసిన కేసులు, చేసిన పనుల రికార్డు) ఎప్పటికప్పుడు రాయకపోతే ఏమవుతుందో వాళ్లకే తెలుసు. మనవాళ్లు చాలామంది మొదటి గుంపు దొరికేసరికి హాయిగా ఊపిరి పీల్చుకుని రెండోదాన్ని పట్టించుకోరు. నా లెక్కలో చదువు దగ్గర అక్కరకొచ్చేది రెండోదే.

కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘం గురించి కూడా అడుగుతుంటారు. కాలేజీలకు గ్రేడ్లిచ్చే జాతీయ సంస్థ న్యాక్ గుర్తింపు మార్కుల్లో పూర్వ విద్యార్థుల భాగస్వామ్యానికీ ఒక విభాగం ఉంది కాబట్టి కాగితం మీద చాలా కాలేజీలకు సంఘం ఉంటుంది. కొన్ని నిజంగా పనిచేస్తాయి, గోల్డ్ మెడళ్లు, పుస్తకాలు, ఫీజు సాయం ఇస్తాయి. కొన్ని ఏడాదికోసారి శాలువా కప్పి గ్రూప్ ఫొటో దిగుతాయి. మెంబర్‌షిప్ తీసుకోండి, తప్పేమీ లేదు. కానీ రేపటి పని సంఘం వల్ల కాదు, ఒక మనిషి వల్ల అవుతుంది. ప్రతి బ్యాచ్‌లోనూ ఏ పెళ్లీ మానని, ఎవరు ఎక్కడున్నారో నోటికి చెప్పే మనిషి ఒకడుంటాడు. మీ బ్యాచ్‌లోనో, మీకు నాలుగేళ్ల పై బ్యాచ్‌లోనో ఆ మనిషెవరో కనుక్కోండి, మిగతా దారి ఆయనే చెబుతాడు.

ఇక అడిగే తీరు. "సార్, గైడ్ చేయండి" అని పెడితే ఏం గైడ్ చేయాలి? ఓపీ మధ్యలో చూసి, తర్వాత చూద్దాంలే అని పక్కన పెడతారు, ఆ తర్వాత అనేది రాదు. ఇలా పెట్టిన అమ్మాయి ఒకతి ఉంది: "నమస్తే సార్, నేను గుంటూరు మెడికల్ కాలేజీ జూనియర్‌ని, ఎగ్మోర్ పిల్లల ఆస్పత్రిలో పీడియాట్రిక్స్ పీజీలో చేరుతున్నాను. సోమవారం రిపోర్ట్ చేయాలి. ఒరిజినల్స్ అన్నీ కాలేజీలో ఇచ్చేయాలంటున్నారు. తమిళనాడు మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌కు ముందే ఏవి స్కాన్ చేసి పెట్టుకోవాలి? రాత్రి తొమ్మిది తర్వాత రెండు నిమిషాలు ఫోన్ చేయొచ్చా?" ఆ రాత్రే మాట్లాడాను. ఎవరు, ఏ ఊరు, ఏం కావాలి, ఎప్పటికి కావాలి, అన్నీ ఉన్నాయి. (సమాధానం మీకూ పనికొస్తుంది: పది, ఇంటర్, ఎంబీబీఎస్ మార్కులు, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్, మన రాష్ట్ర కౌన్సిల్ రిజిస్ట్రేషన్, అన్నీ రంగుల్లో స్కాన్ చేసి, నాలుగు సెట్లు జిరాక్స్ తీసి ఉంచుకోండి. మన కౌన్సిల్ నుంచి తెచ్చుకోవాల్సిన కాగితాలు ఊళ్లో ఉండగానే తెచ్చుకోండి, తర్వాత సెలవు దొరకదు.)

మొదటి మెసేజ్‌లోనే అన్నా, అక్కా అనకండి. ముందు సార్, మేడమ్. వాళ్లే "అన్నా అని పిలువు" అంటారు, అప్పుడు పిలవండి. పని అయ్యాక అయిందని ఒక మాట చెప్పండి. చెప్పకపోవడం వల్ల పోయిన సీనియర్లు ఎందరో.

సీనియర్లు ఇచ్చేవాటిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించింది ఒక లాంగ్ నోట్‌బుక్. అట్ట ఊడిపోతే ప్లాస్టర్ అంటించారు. తెలుగు లిపిలో తమిళ హిస్టరీ, అంటే జబ్బు గురించి రోగిని అడిగే ప్రశ్నలు: ఎంగ వలిక్కుదు (ఎక్కడ నొప్పి), ఎత్తన నాళా ఇరుక్కు (ఎన్నాళ్లుగా ఉంది), మూచ్చు తిణరల్ ఇరుక్కా (ఆయాసం ఉందా), మయక్కం వందుదా (కళ్లు తిరిగాయా). ఎదురు పేజీలో రోగి ఇచ్చే సమాధానాలు, ఎందుకంటే అడగడం వారంలో వస్తుంది, జవాబు అర్థం కావడానికి నెలలు పడుతుంది. మార్జిన్లో వేర్వేరు చేతిరాతలు, వేర్వేరు ఇంకులు, "ఇది తిరునల్వేలి వాళ్లు వేరేలా అంటారు" లాంటి సవరణలు. ఒక బ్యాచ్ వెళ్తూ తర్వాతి బ్యాచ్‌కు ఇచ్చి వెళ్లింది. ఇప్పుడు దాని పీడీఎఫ్ తిరుగుతోంది. అయితే వార్డులో ఫోన్ తీస్తే చీఫ్‌కు నచ్చదు, ఆప్రాన్ జేబులో పట్టేంత చిన్న పుస్తకంలో రాసుకోండి.

థీసిస్‌లో సాయం అడగొచ్చు. టాపిక్ మన ఓపీకి వచ్చే కేసులతో అవుతుందా కాదా, శాంపిల్ సైజు ఎలా లెక్కేయాలి, ఎథిక్స్ కమిటీకి ఏ ఫారం, ఇవి పాత పీజీని అడిగితే పదిహేను రోజులు మిగులుతాయి. పాత థీసిస్ తీసుకుని పేర్లు మార్చుకోవడం వేరే సంగతి. అలా ఇచ్చేవాళ్లూ ఉంటారు. తీసుకోకండి. యూనివర్సిటీలు కాపీ పట్టుకునే సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాయి.

డబ్బు విషయం చాలామంది సిగ్గుపడి అడగరు. మొదటి స్టైపెండ్ చేతికి వచ్చేలోపు హాస్టల్, మెస్, గది అడ్వాన్స్ అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఈ ఊళ్లోనే, మద్రాస్ మెడికల్ కాలేజీలోనే చదివిన భీమవరం కుర్రాడు, తర్వాత పెద్ద శాస్త్రవేత్త అయిన యల్లాప్రగడ సుబ్బారావు చదువు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి సాయంతో, స్నేహితుల సాయంతో సాగింది. ఆ మూర్తిగారే తర్వాత మామగారయ్యారనుకోండి, అది వేరే కథ. ఖద్దరు కట్టినందుకు సుబ్బారావు సర్జరీ ప్రొఫెసర్‌కు కంటగింపై, ఎంబీబీఎస్ బదులు అంతకంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్ చేతిలో పెట్టారు. 1923లో అమెరికా ప్రయాణానికి కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి డబ్బు తోడైంది. అంతటివాడికే చేయి అందించేవాళ్లు కావలసివచ్చింది, మీరు మొహమాటపడకండి. అప్పుగా అడగండి, ఎప్పటికి ఇస్తారో చెప్పండి, మాట నిలబెట్టుకోండి.

అమెరికాలో ఉన్న నా బ్యాచ్‌మేట్లు అటువైపు నుంచి అడుగుతుంటారు, పిల్లలకు ఎలా పంపాలని. గుంటూరుకు ఇచ్చినవాళ్లు మాకు బాగా తెలుసు. అమెరికా పూర్వ విద్యార్థుల సంఘం జింకానా చొరవతో గుంటూరు ప్రభుత్వాస్పత్రిలో మాతా శిశు భవనం తలపెట్టారు, దానికోసం 2022లో మా పూర్వ విద్యార్థిని డాక్టర్ ఉమా గవిని 20 కోట్ల రూపాయలు ఇచ్చారు. భవనాలు కావాలి, కాదనను. నా మట్టుకు నాకు, ఒక బ్యాచ్ కలిసి నలుగురు పిల్లల మెస్ బిల్లు మూడేళ్లు కట్టడం కూడా అంతే పెద్ద పని. దానికి శిలాఫలకం ఉండదు కాబట్టి ఉత్సాహం తక్కువ. పద్ధతి మాత్రం చూసుకోవాలి. ఇంకా భారత పౌరసత్వం ఉన్నవాళ్లు సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లదీ, అక్కడి సంఘాలదీ విదేశీ విరాళమే. అది ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ లేదా ముందస్తు అనుమతి ఉన్న సంస్థకే, ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో దానికున్న ఖాతాకే రావాలి. 2020 సవరణ తర్వాత ఆ సంస్థ దాన్ని ఇంకో సంస్థకు మళ్లించకూడదు కూడా. మంచి మనసుతో ఎవరో తెలిసినవాళ్ల అకౌంట్లో వేసేస్తే, రేపు సమాధానం చెప్పుకోవాల్సింది ఇక్కడివాళ్లు.

చదువు, డబ్బు కాని కష్టం వస్తే మీ యూనిట్‌లో లేని సీనియర్‌కు చెప్పుకోండి. లోపలివాళ్లకు చెబితే సాయంత్రానికి డ్యూటీ రూమంతా తెలుస్తుంది. ర్యాగింగ్ అయితే 1800-180-5522, పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు. నిద్ర లేదు, తిండి దిగట్లేదు, ఏడుపు ఆగట్లేదు అంటే అది టెన్షన్ అని తీసేయకండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, తెలుగులోనూ మాట్లాడతారు. నా దగ్గరికి వచ్చిన పిల్లలకు నేను ఆ నంబరు ఫోన్‌లో వేయించి మరీ పంపిస్తాను.

తల్లిదండ్రులకు ఒక మాట. "మావాడికి మొహమాటం, మేమే మీతో మాట్లాడుతున్నాం" అని నాన్నగార్లు ఫోన్ చేస్తుంటారు. ప్రేమే, అర్థమవుతుంది. కానీ వాడు ఇరవై నాలుగేళ్ల డాక్టరు, రేపు అర్ధరాత్రి క్యాజువాలిటీలో ఇంకో కుటుంబానికి చెడు వార్త చెప్పాల్సినవాడు. వాడినే చేయమనండి. స్వీట్ బాక్సు పట్టుకుని యూనిట్ చీఫ్‌ను కలవడానికి మాత్రం రైలెక్కి రాకండి. తాపేశ్వరం కాజా తెస్తే నాకివ్వండి, నేను చీఫ్‌ను కాను.