తోసింది పదహారేళ్ల పిల్లాడు... కేసు పెట్టాలా, రాజీపడాలా?

ప్రశ్న: మా వీధిలో పదహారేళ్ల కుర్రాడు క్రికెట్ బంతి ఇవ్వలేదని గొడవపడి, మా నాన్నను అరుగు మీద నుంచి తోసేశాడు. మణికట్టు విరిగింది. కేసు పెడితే వాడు జైలుకెళ్తాడేమోనని టెన్షన్‌గా ఉంది. ఊరి పెద్దలేమో మాలో ఎవరినీ అడక్కుండానే యాభై వేలకు రాజీ అని తేల్చేశారు. నాన్న మాత్రం ‘డబ్బు సంగతి తర్వాత, ముందు వాడొచ్చి నాతో మాట్లాడాలి’ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: నాన్నగారి మాటే సరైనదమ్మా. ఈ నేరంలో రాజీపడే హక్కు దెబ్బ తగిలినవారిదే, అదీ కోర్టు అనుమతితోనే. పెద్దలు రాసిన కాగితంతో కేసు ముగిసిపోదు.

జైలు భయం వదిలేయండి. పద్దెనిమిది నిండని పిల్లల్ని లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతోంది. ఎముక విరిగితే తీవ్ర గాయమే. పెద్దవాళ్లకైతే భారతీయ న్యాయ సంహిత 117 సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష పడొచ్చు. పిల్లల విషయంలో దీనికి మామూలుగా ఎఫ్‌ఐఆర్ కూడా కట్టరు. స్టేషన్‌లోని రోజువారీ పుస్తకం, అంటే జనరల్ డైరీలో రాసుకుని, ఇంటి పరిస్థితుల రిపోర్టుతో జువెనైల్ జస్టిస్ బోర్డుకు పంపుతారు. అక్కడ మెజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చుంటారు. మందలించి ఇంటికి పంపడం, కౌన్సెలింగ్, సమాజ సేవ, తల్లిదండ్రులకు జరిమానా వంటివి వేయొచ్చు. ప్రత్యేక గృహానికి (ఇలాంటి పిల్లల్ని ఉంచి దిద్దే చోటు, జైలు కాదు) పంపే అధికారమూ ఉంది గానీ, అది ఆఖరి మార్గం. ఈ కేసు వల్ల రేపు వాడి ఉద్యోగానికి అనర్హత రాదు.

నేను చూసిన ఇలాంటి ఒక కేసులో కుర్రాడు వచ్చి, పెద్దాయన చేతి కట్టు చూసి, నోట మాట రాక నిలబడిపోయాడు. ఆయనే కుర్చీ చూపించారు. తర్వాత రెండు నెలలు ఫిజియోథెరపీకి ఆటో ఎక్కించి తీసుకెళ్లింది వాడే. వాళ్ల నాన్న ఆసుపత్రి బిల్లు కట్టారు. జరిమానా ఒక్కటే పడి ఉంటే పిల్లాడు ఆ కట్టు వైపు చూసేవాడే కాదు.

లైంగిక దాడి, కుల దూషణ లాంటి వాటిలో మాత్రం ఈ దారి వద్దు. అక్కడ ‘మాట్లాడుకోండి’ అంటే బాధితుల నోరు నొక్కడమే.

15100కి ఫోన్ చేస్తే న్యాయ సేవాధికార సంస్థవాళ్లు ఉచితంగా దారి చెబుతారు. స్టేట్‌మెంట్ ఇచ్చేటప్పుడు ఎక్స్‌రే, బిల్లులతో పాటు నాన్నగారు మీతో అన్న ఆ మాటనూ ఉన్నదున్నట్టు రాయించండి.