దవడ వాపుతో విమానం ఎక్కకండి

ప్రతి డిసెంబర్‌లో అమెరికా నుంచి నల్లగొండ వస్తాను. వచ్చిన రెండో రోజు నుంచే అమెరికా వెళ్లబోయే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు మా వాకిట్లో ఉంటారు. పచ్చడి డబ్బా ఆపుతారా, కుక్కర్ పట్టుకుపోవచ్చా, ఎక్కువగా ఇవే సందేహాలు. ఈసారి వెనక వీధి పిల్లగాడు వచ్చాడు. జనవరి సెమిస్టర్, పది రోజుల్లో ఫ్లైట్. కుడి దవడ బూరెలా పొంగి ఉంది.

"ఏం కాదన్నా, జ్ఞానదంతం వస్తున్నదట. అక్కడికి పోయినంక మంచి డాక్టర్‌కు చూపించుకుంటడు" అన్నది వాళ్లమ్మ.

సరిగ్గా ఈ మాటే ఒకప్పుడు నేనూ అన్నాను.

వెళ్లిన కొత్తలో కింది పన్ను పుచ్చి సలపడం మొదలైంది. సూట్‌కేసులో అమ్మ పెట్టిన అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ ఉంది కదా అని మూడు రోజులు మింగాను. నొప్పి పోయింది. మిగతా మాత్రలు మళ్లీ పనికొస్తాయని దాచుకున్నాను. మూడు వారాల తర్వాత ఓ రాత్రి దవడ కింద నుంచి గొంతు దాకా వాచి, నోరు తెరవరాలేదు. ఎమర్జెన్సీకి పోతే సెలైన్‌తో యాంటీబయాటిక్ ఎక్కించారు, స్కాన్ తీశారు, పన్ను మాత్రం ముట్టుకోలేదు. "రేపు డెంటిస్ట్ దగ్గరికి వెళ్లు" అన్నారు. ఆ బిల్లు పది నెలల వాయిదాల్లో కట్టాను. పన్ను పీకించుకున్న ఖర్చు వేరే.

అమెరికాలో ఒంటి బీమా వేరు, పంటి బీమా వేరు. యూనివర్సిటీ అంటగట్టే హెల్త్ ఇన్సూరెన్స్‌లో పళ్లు చాలాసార్లు ఉండవు. డెంటల్ ప్లాన్ విడిగా కొన్నా, పెద్ద పనులకు కొన్ని నెలలు ఆగాలనే షరతు పెట్టేవి ఉన్నాయి. ఏడాదికి ఇంతే ఇస్తామన్న హద్దు కూడా ఉంటుంది. రూట్ కెనాల్, క్యాప్ కలిపి రెండు వేల డాలర్లు దాటడం అక్కడ మామూలే. డెంటల్ కాలేజీ ఉన్న ఊరైతే కొంత నయం. ప్రొఫెసర్ల కనుసన్నల్లో విద్యార్థులు చేస్తారు, టైమ్ ఎక్కువ పడుతుంది, ఖర్చు తగ్గుతుంది.

యాంటీబయాటిక్ గురించి ఒక్క మాట. పన్ను వేరు దగ్గర చీము పడితే, మాత్ర దాన్ని కొంతకాలం అణచి ఉంచుతుందంతే. చీము బయటికి పోవాలి, లేదా వేరు శుభ్రం కావాలి, లేదా పన్నే పోవాలి. ఇంకోటి, మన డోలోలో ఉన్నదీ అక్కడి టైలెనాల్‌లో ఉన్నదీ ఒకే పారాసెటమాల్. రెండూ వేర్వేరు అనుకుని కలిపి వేసుకునే పిల్లల్ని చూశాను. పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు దాటితే లివర్‌కు ముప్పు.

అయితే దవడ వాచిందంటే ప్రతిసారీ పన్నే అనుకోవద్దు. నోట్లో అన్నం ముద్ద పెట్టగానే దవడ కింద ఉబ్బి, గంటా రెండు గంటల్లో దిగిపోతుంటే అది లాలాజల గ్రంథిలో రాయి కావచ్చు. మామిడికాయ పచ్చడి తిన్నప్పుడు మరీ బయటపడుతుంది. పొద్దున లేవగానే రెండు దవడలూ పట్టేసి, నోరు తెరిస్తే చెవి ముందు టక్‌మని చప్పుడొస్తే, రాత్రి నిద్రలో పళ్లు కొరుకుతుండొచ్చు. ఉద్యోగం దొరకని టెన్షన్‌లో, హెచ్‌వన్ ఉద్యోగ వీసా లాటరీ రోజుల్లో ఇది ఎక్కువ. రాత్రి పళ్లకు తొడుక్కునే నైట్ గార్డుతో కొందరికి ఉపశమనం ఉంటుంది. జలుబుతో సైనస్ నిండితే పై వరసలో వెనక పళ్లు కలిసి నొస్తాయి.

జ్వరంతో చెవి కింద ఉబ్బి, దవడ అంచు కనిపించకుండా పోతే గవదబిళ్లలు అని అనుమానించాలి. మన సర్కారు టీకాల్లో మీజిల్స్, రుబెల్లా ఉన్నాయి గానీ గవదబిళ్లలకు లేదు. ఈ మూడింటికీ కలిపి వేసే ఎంఎంఆర్ ప్రైవేటులో వేయించుకున్నవాళ్లకే ఉంటుంది. చాలా యూనివర్సిటీలు రెండు డోసుల కాగితం అడుగుతాయి, రెండింటి మధ్య కనీసం 28 రోజులు ఉండాలి. ఆఖరి వారంలో పరుగెత్తి లాభం లేదు. హాస్టల్‌లో ఒకరికి వస్తే వాపు మొదలయ్యాక అయిదు రోజులు విడిగా ఉండాల్సిందే. మగపిల్లల్లో వృషణాలు వాచే ప్రమాదమూ ఉంది, సిగ్గుపడి దాచొద్దు.

గుట్కా, ఖైనీ అలవాటున్నవాళ్లు, కోపం తెచ్చుకోకండి, మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టకపోతే, పుండు రెండు వారాలైనా మానకపోతే వెంటనే చూపించుకోండి.

మన జిల్లా వాళ్లకు మాత్రమే చెప్పేది ఇంకొకటుంది. మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్ల మీద పసుపు, గోధుమ రంగు చారలుంటాయి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరే ఉంది, మన గోడు అంత పాతది. ఆ చారల వల్ల దవడ వాయదు. కానీ వాటిని ఎప్పుడూ చూడని డెంటిస్ట్ పుచ్చు అనుకుని లెక్క రాయొచ్చు. "చిన్నప్పుడు ఫ్లోరైడ్ నీళ్లు తాగాను" అని మొదటే చెప్పండి, ఇక్కడి ఎక్స్‌రే ఫోన్‌లో ఉంచుకుని చూపించండి.

ఇక ఆగకూడని వాపులు. దవడ కింద రెండు వైపులా గట్టిపడి, నాలుక పైకి లేచి, మింగరాక సొల్లు కారుతూ, గొంతు మారిందా, తెల్లారేదాకా చూడొద్దు. ఊపిరి దారి మూసుకుపోవచ్చు. అక్కడి ఎమర్జెన్సీ నంబర్ 911 కొట్టండి. ఇన్సూరెన్స్ లేదని భయపడొద్దు. అమెరికాలో 1986 నాటి చట్టం ప్రకారం ఎమర్జెన్సీలో ముందు పరీక్షించి, ప్రాణగండం తప్పించాలి, బిల్లు తర్వాత. చూడవచ్చిన అమ్మానాన్నలకు దవడ లాగుతూ చెమటలు పట్టి, ఛాతీ బరువెక్కినా, ఆయాసం వచ్చినా అదీ 911 పనే. అది గుండె కావచ్చు, లవంగం పెట్టి కూర్చోకండి.

పిల్లగాణ్ని ఆ సాయంత్రమే గడియారం సెంటర్ దగ్గరి డెంటిస్ట్‌కు చూపించాం. జ్ఞానదంతం పడుకుని మొలిచి, చిగురు కింద చీము పట్టింది. ముందు వాపు తగ్గించి, తర్వాత పీకాలన్నాడు. మానడానికి రోజులు కావాలి. యూనివర్సిటీకి మెయిల్ పెట్టి, ఆలస్యంగా చేరడానికి ఒప్పించుకుని, టికెట్ వారం తర్వాతకు మార్పించాం. డేట్ మార్చినందుకు పోయిన డబ్బుల లెక్క చెప్పి వాళ్లమ్మ నన్ను ఇంకా సతాయిస్తూనే ఉంది.