కాగితం పౌచ్ అంటే కాగితమేనా?

ప్రశ్న: రాజమహేంద్రవరంలో కరివేపాకు పొడి, కందిపొడి చేసి 250 గ్రాముల వెండిరంగు పౌచ్‌లలో అమ్ముతున్నాం. ప్లాస్టిక్ మానేసి ఖాకీరంగు కాగితం పౌచ్‌లు వాడమని కొనేవాళ్లు అడుగుతున్నారు. మారమంటారా?

జవాబు: వద్దండి. ఆ పౌచ్‌ని ఒకదాన్ని చించి చూడండి. కాగితం వెనక ప్లాస్టిక్ పొర ఉంటుంది, చాలావాటిలో అల్యూమినియం కూడా ఉంటుంది. అవి లేకపోతే పొడిలోని నూనె కాగితానికి పాకుతుంది, వానాకాలంలో పొడి గడ్డకడుతుంది. అలా అతికించిన పొరలను మామూలు రీసైక్లింగ్‌లో విడదీయలేరు కాబట్టి దాన్ని కాగితం మిల్లూ తీసుకోదు, ప్లాస్టిక్ కరిగించేవాళ్లూ తీసుకోరు. కొనేవాళ్ల కోరిక మంచిదే. కానీ ఆ ఖాకీరంగు వాళ్లను మోసం చేస్తోంది.

ఇప్పుడు మీరు వాడేదీ సాధారణంగా బయట పాలియెస్టర్, లోపల పాలిథిన్. రెండు రకాల ప్లాస్టిక్ కాబట్టి అదీ ఇబ్బందే. రెండు పొరలూ పాలీప్రొపిలీన్‌వే ఉండే పౌచ్ అడగండి: బయట బీఓపీపీ (సాగదీసిన పాలీప్రొపిలీన్ పొర), లోపల మెటలైజ్డ్ సీపీపీ (అల్యూమినియం పూత పూసిన, సాగదీయని పాలీప్రొపిలీన్ పొర). ఆ మెరుపు పూత మైక్రాన్‌లో పదో వంతు కూడా ఉండదు, రీసైక్లింగ్‌కు పెద్దగా అడ్డురాదు. పైన అంటించే స్టిక్కర్ కూడా కాగితంది కాకుండా పాలీప్రొపిలీన్‌దే వేయించండి.

చిక్కు వచ్చేది సీలు దగ్గర. పాలియెస్టర్ సుమారు 250 డిగ్రీల దాకా కరగదు, బీఓపీపీ మాత్రం 165 దగ్గరే కరుగుతుంది, అంతకు ముందే ముడుచుకుంటుంది. బ్యాండ్ సీలర్‌ని (పౌచ్ మూతిని వేడితో అతికించే యంత్రం) పాత వేడి మీదే నడిపితే అంచు ముడతపడుతుంది, ఆ ముడతల్లోంచి గాలి లోపలికి పోతుంది. 130 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, ఐదేసి డిగ్రీలు పెంచుతూ, బెల్టు వేగం తగ్గించి చూడండి. ఖాళీ పౌచ్‌లో గాలి నింపి సీలు వేసి, నీళ్లలో ముంచి నొక్కండి. బుడగ వస్తే ఆ వేడి పనికిరాదు.

బుడగ వచ్చిన ప్రతిసారీ వేడిని తప్పు పట్టకండి. సీలు పడే చోట పొడి అంటుకున్నా కారుతుంది. ప్లాస్టిక్‌లో పుట్టే స్థిర విద్యుత్తు సన్నటి పొడిని అంచుకు లాగేస్తుంది. పొడుగు మెడ గరాటుతో నింపి, పైన 30 మి.మీ. ఖాళీ వదిలి, సీలు వేసే ముందు లోపలి అంచును తడిలేని గుడ్డతో తుడవండి.

కొలత కూడా చూసుకోండి. 160×240 మి.మీ. పౌచ్‌లో మీ పొడి సగం దాకానే వస్తుంటే 150×210కి దిగండి. ఒక్కో పౌచ్‌కి 18 శాతం ప్లాస్టిక్ తగ్గుతుంది. రకం మార్చడం కంటే ముందు చేయాల్సింది ఇదే, ఎందుకంటే నూనె అంటిన పలచటి పౌచ్‌ని చెత్త ఏరేవాళ్లు చాలాచోట్ల ముట్టుకోరు.

ఆర్డరిచ్చేముందు ఐఎస్ 10910 (ఆహారానికి వాడే పాలీప్రొపిలీన్ ప్రమాణం) ధ్రువపత్రం, ఐఎస్ 9845 (ప్యాకింగ్ నుంచి ఆహారంలోకి ఎంత దిగుతుందో కొలిచే పద్ధతి) పరీక్ష నివేదిక అడగండి. ప్యాకింగ్ నుంచి ఆహారంలోకి దిగే పదార్థం మొత్తం కిలో ఆహారానికి 60 మి.గ్రా. మించకూడదు. మొదట 100 సాదా పౌచ్‌లే తెచ్చి, వారానికొకటి విప్పి వాసన, గడ్డలు చూశాకే ముద్రణకు వెళ్లండి.

ప్రశ్న: ఆవకాయ పెట్ (పాలియెస్టర్ రకం ప్లాస్టిక్) జాడీలో పెడుతున్నాం. మూత మీద పీవీసీ ష్రింక్ తొడుగు (వేడికి ముడుచుకుని బిగుసుకునే ప్లాస్టిక్ తొడుగు) ఉంటుంది. పరవాలేదా?

జవాబు: జాడీ మంచిదే, తొడుగే చెడ్డది. రీసైక్లింగ్‌లో జాడీని ముక్కలు చేసి నీళ్ల తొట్టిలో వేస్తారు. పాలీప్రొపిలీన్ మూత ముక్కలు తేలతాయి, పెట్ మునుగుతుంది. పీవీసీ సాంద్రత కూడా దాదాపు పెట్‌దంతే కాబట్టి దానితోపాటే మునుగుతుంది. ఆ తర్వాత పెట్‌ని కరిగించే వేడికి పీవీసీ విచ్ఛిన్నమై ఆమ్లం వదులుతుంది, దాంతో పెట్ పసుపెక్కి పెళుసవుతుంది. తిప్పగానే రింగు తెగే పాలీప్రొపిలీన్ మూత వాడండి. ఎవరైనా ముందే తెరిచారా అన్నది తెగిన రింగే చెబుతుంది, తొడుగు అక్కర్లేదు. జాడీకి రంగు వద్దు. రంగులేని పెట్‌కే తుక్కు కొట్లో ధర వస్తుంది.