వాసన రాకపోతే ప్రమాదం లేనట్టేనా?

పార్టులు తుడిచే సాల్వెంట్‌లో బెంజీన్ అనే విష రసాయనం ఉందేమోనని మీ అనుమానం. వాసన రాకపోతే భయం లేదు, గుడ్డ మాస్కు చాలు అని మీ సూపర్‌వైజర్ మాట. ఆ మాట నమ్మకండి. అమెరికా నియమాల్లో 8 గంటల పనికి బెంజీన్ సగటు పరిమితి 1 పీపీఎం, అంటే పది లక్షల భాగాల గాలిలో ఒక భాగం. ముక్కుకు తెలిసేసరికి గాలిలో బెంజీన్ సాధారణంగా అంతకు మించే ఉంటుంది. పైగా కాసేపటికి ముక్కు అలవాటు పడిపోతుంది.

ముందు ఆ డబ్బా తాలూకు సేఫ్టీ డేటా షీట్ (అందులోని రసాయనాలు, జాగ్రత్తలు రాసి ఉండే పత్రం) అడగండి. 3వ విభాగంలో ఏమేం కలిశాయో, 8వ దాంట్లో ఎలాంటి మాస్కు, గ్లవ్స్ కావాలో ఉంటుంది. హెచ్350 అనే హెచ్చరిక కోడ్ కనిపిస్తే క్యాన్సర్ కలిగించవచ్చని అర్థం. గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ (ఇలాంటి ఆవిరిని పట్టి ఉంచే ఫిల్టర్) ఉన్నది కావాలి. అయినా నన్నడిగితే మాస్కు కోసం పోట్లాడటం కన్నా సాల్వెంటే మార్చమనడం మేలు. తక్కువ హానికరమైనది దొరికితే దాన్నే వాడాలని 1971 నాటి ఐఎల్ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) 136వ ఒప్పందం కూడా చెబుతోంది.

ఆ ద్రవంతో చేతులు కడుక్కునేవాళ్లుంటే ఈరోజే మానిపించండి, చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్తుంది. బెంజీన్ ఎముక మజ్జను దెబ్బతీస్తుంది, ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్‌కు దారితీయవచ్చు. డాక్టరుకు మీరు చేసే పని వివరంగా చెప్పి సీబీసీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) చేయించుకోండి. రిపోర్టు కాపీ మీ దగ్గరే ఉంచుకోండి.