వేడెక్కితే ఆగిపోతున్న ఓమ్ని: ఇంజిన్ మార్చిన బండిలో ముందు ఎక్కడ చూడాలి?

మీ సమస్య నాకు అర్థమైనంత వరకు ఇదీ: 1998 మారుతి ఓమ్ని వ్యాన్, కార్బురేటర్ (పెట్రోలు, గాలి కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) ఉన్నది. పాత ఇంజిన్ పోతే మారుతి 800 ఇంజిన్ వేయించారు. పాతిక కిలోమీటర్లు బాగానే నడిచి, రెండు జర్కులిచ్చి ఆగిపోతోంది. అరగంట పక్కన పెడితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతోంది. ప్లగ్గులు, వాటికి కరెంట్ ఇచ్చే కాయిల్, కార్బురేటర్ మార్చినా లాభం లేదు. ఇప్పుడు మెకానిక్ ఇంజిన్ మళ్లీ దించుదామంటున్నాడు.

అప్పుడే దించనివ్వకండి. ఇదే రోగంతో నేను ఏడాది తిప్పలు పడ్డాను.

నా 1996 ఓమ్నికి విజయవాడ ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ 800 ఇంజిన్ వేయించాను. రెండూ 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజిన్లే కాబట్టి ఇట్టే కూర్చుంటుందన్నారు. కూర్చుంది కూడా. కానీ 800లో ఇంజిన్ బానెట్ కింద అడ్డంగా ఉంటుంది, ఓమ్నిలో ముందు సీట్ల కింద నిలువుగా ఉంటుంది. అందుకని నీళ్ల పైపులు, పెట్రోలు ట్యూబులు, వైర్లు కొన్ని ఇక్కడివీ కొన్ని అక్కడివీ కలిపి బిగిస్తారు. ఇంజిన్ మార్చాక కొత్తగా మొదలైన తేడా అయితే నేను ముందు ఆ కలిపిన చోట్లే చూస్తాను.

నా బండి దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుండగా, మే నెల మధ్యాహ్నం, మొరాయించింది. అంతకుముందు ఎన్నిసార్లు షెడ్డుకు తీసుకెళ్లినా అక్కడికి చేరేసరికి చల్లారి చక్కగా నడిచేది, మెకానిక్ నన్ను అనుమానంగా చూసేవాడు. ఇలాంటి తేడాను ఆగిపోయిన ఆ నిమిషంలోనే పట్టుకోవాలి. సీటు ఎత్తి, తలుపులన్నీ తెరిచి, ఒక స్పేర్ ప్లగ్గును ప్లగ్గు వైరుకు తగిలించి, ఇంజిన్ బాడీకి ఆనించి మా బామ్మర్దిని సెల్ఫ్ కొట్టమన్నాను. ప్లగ్గు కొసన నీలంగా, గట్టిగా కరెంట్ (నిప్పురవ్వ) వచ్చింది. అంటే కాయిల్ తప్పు కాదు. ఇంజిన్ కాస్త చల్లబడనిచ్చి, కాయిల్ కరెంట్ తీసేసి, కార్బురేటర్‌కు వెళ్లే ట్యూబును సీసాలోకి పెట్టి మళ్లీ సెల్ఫ్ కొట్టించాను. ధార రావాల్సింది పోయి బుడగలూ నురగా వచ్చాయి. (దగ్గర్లో బీడీ, సిగరెట్ ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదు కదా.) పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగితే బండి స్టార్టయింది.

తర్వాత తీరిగ్గా చూస్తే బయటపడిన సంగతి: పంపుకు మూడు నిపుల్స్ (ట్యూబు తొడిగే మూతులు) ఉన్నాయి. ఒకటి ట్యాంకు నుంచి రావడానికి, ఒకటి కార్బురేటర్‌కు, మూడోది మిగిలిన పెట్రోలు ట్యాంకుకు తిరిగి పోవడానికి. ఆ మూడోదానికి జానెడు ట్యూబు తొడిగి, చివర బోల్టు దూర్చి క్లిప్పు వేసేశారు! పెట్రోలు తిరగకుండా పంపులోనే ఉడికిపోతోంది. పైగా ఇంజిన్ వేడి పంపుకు తగలకుండా మధ్యలో ఉండాల్సిన నల్లటి బేకలైట్ దిమ్మ బదులు ఉత్త పేపర్ ప్యాకింగు. రిటర్న్ లైను కలిపి, దిమ్మ వేయించి, సైలెన్సర్ పైపు పక్కగా పోతున్న ట్యూబును దూరం జరిపించాను. ఖర్చు ఆరు వందల లోపే. ట్యూబులు కూడా కొత్తవి వేయించండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, పాత రబ్బరు దానికి తట్టుకోదు.

మీ బండిలో కరెంట్ రాకపోతే కథ వేరు. కాయిల్ కొత్తదే కాబట్టి డిస్ట్రిబ్యూటర్‌లో (ప్లగ్గులకు కరెంట్ పంచే భాగం) ఎలక్ట్రానిక్ మాడ్యూల్ వేడికి చచ్చి, చల్లారాక లేస్తూ ఉండొచ్చు. గ్యాస్ కిట్ ఉంటే ఇంకా తేలిక: గ్యాస్ మీద నడిపినా అలాగే ఆగితే పెట్రోలు లైను జోలికి పోనక్కర్లేదు. ఆగినప్పుడు ట్యాంకు మూత కూడా ఒకసారి తిప్పి చూడండి. బుస్సుమని గాలి లోపలికి లాగి, ఆ వెంటనే స్టార్టయితే గాలి రంధ్రం మూసుకుపోయినట్టే.

ఇంకొకటి, ఎర్త్ పట్టీ, అంటే ఇంజిన్ బాడీని బ్యాటరీ మైనస్ వైపుకు కలిపే పట్టీ. నా బండిలో ఇంజిన్ దించినవాళ్లు దాన్ని తిరిగి బిగించడం మరిచిపోయారు. సెల్ఫ్ కరెంటంతా యాక్సిలరేటర్ కేబుల్ గుండా పోయి, ఒకరోజు కేబుల్ మీది ప్లాస్టిక్ కరిగి వాసనొచ్చింది. మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, ఇంకో కొస ఇంజిన్ బాడీకి పెట్టి సెల్ఫ్ కొట్టండి. అర వోల్టు దాటితే పట్టీ లేదు, లేదా తుప్పు పట్టింది.

అన్నట్టు, కొత్త ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఎక్కించారా? లేకపోతే ఆర్టీవో ఆఫీసు పని ముందు చూసుకోండి, ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడతారు.

ఈసారి ఆగినప్పుడు కరెంట్ ఉందో లేదో చూసి, పంపు ఫోటో ఒకటి పెట్టండి. నిపుల్స్ కనపడేలా తీయండి.