రాఖ్మానినోవ్ రెండో కాన్చెర్టో: ఏ రికార్డింగ్ వినాలి?

మ్యూజిక్ యాప్‌లో స్వరకర్త రాఖ్మానినోవ్ రెండో పియానో కాన్చెర్టోకి (పియానో, ఆర్కెస్ట్రా కలిసి వాయించే రచన) లెక్కలేనన్ని రికార్డింగ్‌లు కనిపించి, ఏది ఎంచుకోవాలో తెలియట్లేదన్నారు కదండీ. టెన్షన్ పడకండి. 1959లో పియానిస్ట్ స్వియతోస్లావ్ రిక్టర్ వార్సా ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో చేసినది వినండి. మొదట పియానో ఒక్కటే మోగుతుంది. ఆ స్వరాలను ఆయన ఎంత నిదానంగా పెంచుకుంటూ వస్తారంటే, ఆర్కెస్ట్రా అందుకునేసరికి ఒళ్లు జలదరిస్తుంది. అమీర్‌పేట మెట్రోలో మాత్రం వద్దు, ఆ మెల్లని ఆరంభం రొదలో కొట్టుకుపోతుంది. రాత్రిపూట ఇంట్లో హెడ్‌ఫోన్స్‌తో వినాల్సింది ఇది.

మోజార్ట్ 20వ పియానో కాన్చెర్టోకి పియానిస్ట్ క్లారా హాస్కిల్, 1960. ఆవిడ చనిపోవడానికి కొద్ది వారాల ముందు చేసిన రికార్డింగ్ అది, నాకు ప్రాణం. బేతోవెన్ పియానో కాన్చెర్టోలు ఐదూ కావాలంటే పియానిస్ట్ లియాన్ ఫ్లైషర్, కండక్టర్ జార్జ్ సెల్ జోడీ చాలు.

వెతికేటప్పుడు వాయించినవారి పేరు కూడా టైప్ చేయండి. పక్కన ‘రీమాస్టర్డ్’ (పాత రికార్డింగ్ శబ్దాన్ని మళ్లీ మెరుగుపరిచినది) అని కనిపించే సంవత్సరం రికార్డు చేసిన ఏడాది కాదు.